గట్టు మీది కన్వెక్షన్ ఓవెన్: కేక్ పైన నల్లబడుతోంది, లోపల పచ్చిగానే ఉంటోంది

నీలిగిన్నె

అందరికీ నమస్కారం. ఈమధ్యే 30 లీటర్ల కన్వెక్షన్ ఓవెన్ తీసుకున్నాం, వంటింటి గట్టు మీద పెట్టుకునే రకం. పైన రెండు రాడ్లు, కింద రెండు రాడ్లు, పక్క గోడలో వేడిగాలిని తిప్పే ఫ్యాన్. కూరగాయ ముక్కలు, చికెన్ చక్కగా వస్తున్నాయి. కేక్ దగ్గరికి వచ్చేసరికే టెన్షన్. రెసిపీలో 180 డిగ్రీలు, 40 నిమిషాలు అని ఉంటే అలాగే పెడుతున్నాను. సగం టైమ్ కాకముందే పైన ముదురు రంగు వచ్చేస్తోంది, మధ్యలో పుల్ల గుచ్చితే తడి పిండి అంటుకుంటోంది. ఒక్కోసారి పైపొర పగిలి, ఆ పగులులోంచి పిండి ఉబికి పక్కకు కారుతోంది. ఓవెన్‌లోనే లోపం ఉందంటారా? వాపసు ఇవ్వడానికి ఇంకా గడువుంది, అందుకే అడుగుతున్నాను.

రొట్టెలపని

తొందరపడి వాపసు ఇవ్వకండి. మీరు చెప్పిన లక్షణాలన్నీ ఓవెన్ మరీ బాగా పనిచేస్తున్నప్పుడు కూడా వస్తాయి.

పైన పొర ముందే గట్టిపడిపోతే లోపలి పిండి వేడెక్కి పొంగే వేళకి దానికి పైకి పోయే దారి ఉండదు. ఎక్కడ బలహీనంగా ఉంటే అక్కడ చీల్చుకుని బయటికి వస్తుంది. మీరు చూసిన పగులు, కారడం అదే. అంటే పైపొరకు వేడి త్వరగా అందుతోంది, మధ్యకు చేరే వ్యవధి దొరకట్లేదు.

చాలా రెసిపీలు ఫ్యాన్ లేని పెద్ద ఓవెన్‌ను దృష్టిలో పెట్టుకుని రాసినవి. ఓవెన్‌లో పెట్టిన పదార్థం చుట్టూ కాస్త చల్లగా, తేమగా ఉండే పలుచటి గాలిపొర ఒకటి అంటిపెట్టుకుని ఉంటుంది. ఫ్యాన్ దాన్ని ఎప్పటికప్పుడు ఊడ్చేస్తుంది. ఉష్ణోగ్రత మారకపోయినా గాలి వీస్తే మనకు చలి ఎక్కువ వేస్తుంది కదా, ఇక్కడ అదే వేడి విషయంలో జరుగుతుంది. అందుకే ఫ్యాన్ వాడేటప్పుడు రెసిపీలో ఉన్న డిగ్రీల్లోంచి 15 నుంచి 20 వరకు తగ్గించాలి. 180 ఉంటే 160 పెట్టండి. టైమ్‌లో మూడొంతులు కాగానే, అంటే మీ 40 నిమిషాల కేక్‌కి 30 దగ్గర, మొదటిసారి పుల్ల గుచ్చి చూడండి. అంతకన్నా ముందు తలుపు తెరవద్దు. చిన్న ఓవెన్‌లో వేడిగాలి కొంచెమే ఉంటుంది, తలుపు తీస్తే అది క్షణంలో బయటికి పోతుంది.

చిన్నవంటిల్లు

పై సమాధానం సరైనదే కానీ సగమే. గట్టు మీది ఓవెన్‌లో ఫ్యాన్ కన్నా పెద్ద సమస్య రాడ్ల దగ్గరతనం. పెద్ద ఓవెన్‌లో కేక్‌కీ పై రాడ్‌కీ మధ్య జానెడు పైన ఖాళీ ఉంటుంది. 30 లీటర్ల దాంట్లో, కేక్ పొంగాక, బెత్తెడు కూడా మిగలకపోవచ్చు. ఎర్రగా కాలిన రాడ్ గాలి ద్వారానే కాదు, నేరుగా కూడా వేడిని విసురుతుంది. దగ్గరగా ఉన్నకొద్దీ ఆ దెబ్బ ఎక్కువ.

నీలిగిన్నె గారూ, మూడు సంగతులు చెప్పండి. రాక్ ఎన్నో మెట్టు మీద పెడుతున్నారు? టిన్ను ఏ రంగుది? టిన్నుకీ ఓవెన్ గోడలకీ మధ్య ఎంత సందు ఉంటోంది?

నీలిగిన్నె

రాక్ మధ్య మెట్టు మీద. టిన్ను నల్లది, నాన్‌స్టిక్. సందు... ఇప్పుడే పెట్టి చూశాను. ఫ్యాన్ వైపు వేలు దూరేంత ఉంది, రెండోవైపు దాదాపు గోడకు ఆనుతోంది. పట్టింది కదా, సరిపోయిందనుకున్నాను.

చిన్నవంటిల్లు

టిన్ను పట్టడం వేరు, గాలి తిరగడం వేరు. నాలుగు వైపులా కనీసం రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ ఉండాలి. లేకపోతే ఫ్యాన్ తోసిన గాలి కిందికి దిగదు, పైభాగంలోనే చుట్టూ తిరుగుతూ ఉంటుంది. పైన మాడటం, అడుగు పాలిపోవడం అందుకే. ఓవెన్ కొనేవాళ్లు లీటర్లు చూసి కొంటారు. నేనైతే లీటర్లు అసలు చూడను. లోపలి వెడల్పు, లోతు, రాక్ నుంచి పై రాడ్ వరకు ఎత్తు, ఈ మూడూ టేపుతో కొలవాలి. 33 × 23 సెంటీమీటర్ల మామూలు బేకింగ్ ట్రే, దానికి చెవుల్లాంటి పిడులు ఉంటే, చాలా చిన్న ఓవెన్లలో తలుపు మూసుకోనివ్వదు.

ప్రస్తుతానికి మీరు చేయాల్సింది: రాక్‌ని ఒక మెట్టు కిందికి దించండి. రాక్ ఓవెన్ మధ్యలో ఉండటం కాదు, పొంగిన కేక్ నడిమి భాగం ఓవెన్ మధ్యకు రావాలి. చిన్న టిన్ను తీసుకోండి, వీలైతే మెరిసే అల్యూమినియంది. నల్లటి టిన్ను రాడ్ల వేడిని ఎక్కువగా పీల్చుకుని అంచుల్ని ముందే కాల్చేస్తుంది. నల్లదే వాడాలంటే ఇంకో 10 డిగ్రీలు తగ్గించండి.

అల్లంముక్క

నేను కొంచెం వేరుగా చెబుతాను. కేక్‌కి ఫ్యాన్ ఎందుకండీ అసలు? ఫ్యాన్ ఆపేయండి, 180 దగ్గరే పెట్టండి, కింద రాడ్లు, పై రాడ్లు రెండూ వెలగనివ్వండి. ఫ్యాన్ గాలికి మెత్తటి పిండి ఒక పక్కకు ఒరిగి, కేక్ ఏటవాలుగా వస్తుంది. మా ఇంట్లో ఫ్యాన్ కూరగాయలకి, చికెన్‌కి, బిస్కెట్లకి మాత్రమే.

రొట్టెలపని

అల్లంముక్క గారూ, అన్ని కేక్‌లనీ ఒకే గాటన కట్టలేం. వెన్న వేసి చిక్కగా కలిపిన పిండి అయితే ఫ్యాన్ ఉన్నా ఏమీ కాదు, 20 తగ్గిస్తే చాలు, రంగు కూడా సమంగా వస్తుంది. గుడ్డు తెల్లసొన గిలకొట్టి నురగతో పొంగించే స్పాంజ్, చీజ్‌కేక్, కస్టర్డ్, సుఫ్లే, వీటికి మాత్రం మీ మాటే నా మాట. ఫ్యాన్ గాలికి వాటి పైభాగం తేమ ఆరిపోయి ముడతలు పడుతుంది. కస్టర్డ్‌ని వేడినీళ్ల ట్రేలో పెట్టి, ఫ్యాన్ ఆపి చేయడమే దారి.

అల్లంముక్క

ఒప్పుకుంటాను, నేను చేసేవి ఎక్కువగా స్పాంజ్‌లే. అయితే ఒక చిక్కుంది. కొన్ని మోడళ్లలో బేక్ పెడితే ఫ్యాన్ దానంతటదే తిరుగుతుంది, ఆపే మీట ఉండదు. కొనేముందు ఫ్యాన్‌ని విడిగా ఆపే వీలుందో లేదో చూసుకోమని అందరికీ చెబుతాను. పై రాడ్లు, కింద రాడ్లు విడివిడిగా వెలిగే వీలు కూడా. ఈ రెండూ ఉంటే మిగతా బటన్లు, రెడీమేడ్ ప్రోగ్రాములు లేకపోయినా నష్టం లేదు.

ఫ్యాన్ ఆగని ఓవెన్ ఇప్పటికే ఉంటే, కాస్త లోతైన టిన్ను వాడి, సగానికి కొంచెం పైన వరకే పిండి పోయండి. టిన్ను అంచు గాలికి అడ్డం నిలుస్తుంది. కేక్ పొంగి నిలదొక్కుకున్నాక పైన ఫాయిల్ కప్పండి.

వైరు_మనిషి

ఫాయిల్ మాట వచ్చింది కాబట్టి. ఫ్యాన్ గాలికి ఫాయిల్ లేచి పై రాడ్‌కి తగులుతుంది. వదులుగా కప్పండి, కానీ అంచుల్ని టిన్ను కిందికి గట్టిగా మడవండి. బేకింగ్ పేపర్ కూడా అంతే. పేపర్‌ని ట్రే సైజుకు కత్తిరించండి, అంచులు బయటికి వేలాడకూడదు, ప్రీహీట్ చేసేటప్పుడు, అంటే వంట పెట్టకముందు ఓవెన్‌ని వేడెక్కించేటప్పుడు, ఖాళీ పేపర్ లోపల పెట్టకూడదు. పేపర్ ప్యాకెట్ మీద ఎన్ని డిగ్రీల వరకు వాడొచ్చో రాసి ఉంటుంది, చాలావాటికి 220 చుట్టుపక్కల. మైనం పూసిన పేపర్ అసలు వద్దు.

అడుగున పొడి రాలే ట్రే మీద ఫాయిల్ పరుస్తుంటారు కొందరు, శుభ్రం చేసే పని తగ్గుతుందని. వద్దండీ. కింది రాడ్ల వేడి వెనక్కి కొట్టి, ఎక్కడ పడాల్సిన వేడి అక్కడ పడదు. ఫాయిల్ రాడ్‌కి తగిలితే అదో ప్రమాదం.

ఇంకో ప్రశ్న. ఓవెన్‌ని ఏ ప్లగ్‌లో పెట్టారు?

నీలిగిన్నె

మిక్సీ పెట్టే చోటే. ఎక్స్‌టెన్షన్ బోర్డు లాగి అందులో పెట్టాం. ఎందుకండీ?

వైరు_మనిషి

ఈరోజే తీసేయండి. ఓవెన్ వెనక స్టిక్కర్ మీద వాట్లు రాసి ఉంటాయి. వాట్లని మీ ఇంటి వోల్టేజితో భాగిస్తే ఎన్ని ఆంపియర్లు లాగుతుందో తెలుస్తుంది. 1800 వాట్ల ఓవెన్ 230 వోల్టుల మీద సుమారు 7.8 ఆంపియర్లు లాగుతుంది. 120 వోల్టులు ఉండే చోట అదే ఓవెన్‌కి 15 కావాలి. మామూలు బోర్డుల సన్నటి వైరు ఇంత కరెంటుని అరగంట, ముప్పావుగంట ఆగకుండా మోయలేదు. మిక్సీ రెండు నిమిషాల్లో ఆగిపోతుంది, ఓవెన్ ఆగదు. గోడకున్న పెద్ద ప్లగ్‌లోనే నేరుగా పెట్టండి, అదే లైను మీద కెటిల్‌నో ఇస్త్రీపెట్టెనో అదే సమయంలో నడపకండి. పని అయ్యాక ప్లగ్ టాప్‌ని చేత్తో తాకి చూడండి. గోరువెచ్చగా ఉంటే పరవాలేదు. చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉన్నా, ప్లాస్టిక్ రంగు మారినా ఎలక్ట్రీషియన్‌ని పిలవాల్సిందే.

ఓవెన్ చుట్టూ ఖాళీ కూడా ముఖ్యం. గోడలు పలుచటి రేకు కాబట్టి బయటివైపు కూడా బాగా కాలుతుంది. వెనక, పక్కల, పైన ఎంత వదలాలో మాన్యువల్‌లో ఉంటుంది. అది దొరక్కపోతే 10 సెంటీమీటర్లకు తగ్గనివ్వకండి. పైన టవల్, ప్లాస్టిక్ డబ్బా, బ్రెడ్ ప్యాకెట్ లాంటివేవీ పెట్టకండి.

పిచ్చుకగూడు

కొత్తగా కొన్నవాళ్ల కోసం ఒక మాట కలుపుతాను. మొదటిసారి వంట పెట్టకముందు ఖాళీ ఓవెన్‌ని గరిష్ఠ వేడి మీద ఓ పావుగంట, ఇరవై నిమిషాలు నడపాలి, కిటికీలు తీసి. రాడ్ల మీద తయారీలో మిగిలిన నూనెపూత కాలిపోయి కొంచెం పొగ, ఘాటు వాసన వస్తాయి. రెండోసారికి అది పోతుంది.

ఇంట్లో పక్షులు పెంచుకునేవాళ్లు ఇంకా జాగ్రత్తగా ఉండాలి. నాన్‌స్టిక్ పూత అతిగా వేడెక్కితే వచ్చే ఆవిర్లకి చిన్న పక్షులు నిమిషాల్లో చనిపోతాయి, మనకు వాసన తెలియకముందే. మా ఇంట్లో పంజరం ఓవెన్‌కి దూరంగా వేరే గదిలో ఉంటుంది, నాన్‌స్టిక్ ట్రేలు వాడటం పూర్తిగా మానేశాం. స్టీలు, అల్యూమినియం, గాజు మాత్రమే.

లెక్కలపుస్తకం

నీలిగిన్నె గారూ, నాబ్ మీద 180 అని తిప్పారు సరే, లోపల నిజంగా ఎంత ఉందో చూశారా? నేను ఎవరికైనా ఇచ్చే మొదటి సలహా ఇదే: రాక్‌కి తగిలించే ఓవెన్ థర్మామీటర్ ఒకటి కొనండి. ఓవెన్ కొన్నదాంట్లో చాలా చిన్న ఖర్చు, దాని విలువ మాత్రం ఎక్కువ.

చిన్న ఓవెన్ల థర్మోస్టాట్ గోడ దగ్గర ఉంటుంది. అక్కడి వేడిని చూసి రాడ్లని వెలిగిస్తుంది, ఆపుతుంది. మధ్యలో మీ టిన్ను ఉన్న చోట అంతే వేడి ఉండాలని లేదు. పైగా ఉష్ణోగ్రత ఒకచోట నిలబడదు. రాడ్లు ఎర్రబడినప్పుడు పైకి పోతుంది, ఆరిపోయినప్పుడు దిగుతుంది. థర్మామీటర్‌ని రాక్ మధ్యలో తగిలించి, 180 పెట్టి, 20 నిమిషాలు వదిలేయండి. తర్వాత తలుపు తీయకుండా గాజులోంచి చూస్తూ ఎక్కువ ఎంతవరకు పోయింది, తక్కువ ఎంతవరకు దిగింది రాసుకోండి. ఆ రెంటికీ నడిమి అంకె మీ ఓవెన్ అసలు ఉష్ణోగ్రత.

థర్మామీటర్ వచ్చేదాకా ఆగలేకపోతే పంచదారతో చూడొచ్చు. పంచదార సుమారు 186 డిగ్రీల దగ్గర కరుగుతుంది. చెంచాడు పంచదార ఫాయిల్ గిన్నెలో వేసి, 175 పెట్టి పావుగంట ఉంచండి. కరగకూడదు. కరిగిందంటే మీ ఓవెన్ చెప్పినదానికన్నా వేడిగా ఉంది. 190 పెట్టినా కరగకపోతే చల్లగా ఉన్నట్టు.

తోటమాలి

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఇంట్లో కన్వెక్షన్ ఉన్న మైక్రోవేవ్ ఉంది. అది ఉండగా ఇది కూడా అవసరమా? ఎయిర్ ఫ్రైయర్ కూడా కొనమంటున్నారు పిల్లలు.

చిన్నవంటిల్లు

ఎయిర్ ఫ్రైయర్ అంటే చిన్న గదిలో జోరుగా తిరిగే ఫ్యాన్ ఉన్న కన్వెక్షన్ ఓవెనే. సూత్రం ఒకటే. కొద్దిమందికి, కొంచెం కొంచెంగా కరకరలాడేవి చేసుకోవడానికి అది వేగం. నలుగురికి ఒకేసారి వడ్డించాలంటే, ట్రేలో పరిచి చేయాలంటే ఓవెన్ నయం. రెండూ కొనడం నా దృష్టిలో స్థలం దండగ.

కన్వెక్షన్ మైక్రోవేవ్ వేరే సంగతి. దాంట్లో గుండ్రటి పళ్లెం తిరగాలి కాబట్టి పొడవాటి ట్రే పట్టదు. కింది నుంచి వేడి తక్కువ, పిజ్జా అడుగు, బ్రెడ్ అడుగు సరిగ్గా కాలవు. లోహపు టిన్ను కన్వెక్షన్ మోడ్‌లో పెట్టొచ్చు, మైక్రోవేవ్ కలిసిన మోడ్‌లో మాన్యువల్ ఒప్పుకుంటేనే. నెలకోసారి కేక్ చేసేవాళ్లకి అది చాలు. వారానికి రెండు మూడుసార్లు బేక్ చేసేవాళ్లకి విడిగా ఓవెన్ ఉండటమే సుఖం.

లెక్కలపుస్తకం

కరెంటు బిల్లు గురించి కూడా అడుగుతారు కాబట్టి: 1500 వాట్ల ఓవెన్‌లో రాడ్లు ఒక్క క్షణం ఆరకుండా 40 నిమిషాలు వెలిగితే ఒక యూనిట్ అవుతుంది. నిజానికి వేడెక్కాక రాడ్లు చాలాసేపు ఆరిపోయే ఉంటాయి, అంత కూడా కాదు. పెద్ద ఓవెన్‌తో పోలిస్తే వేడి చేయాల్సిన చోటు తక్కువ, ప్రీహీట్ కూడా త్వరగా అవుతుంది. అయితే వేడెక్కుతున్నట్టు చూపే లైటు ఆరగానే వంట లోపల పెట్టకండి. అప్పటికి గాలి వేడెక్కింది గానీ గోడలు, రాక్ వేడెక్కలేదు. ఇంకో ఐదు నిమిషాలు ఆగితే తలుపు తీసినప్పుడు పడిపోయిన వేడి త్వరగా తిరిగొస్తుంది.

నీలిగిన్నె

థర్మామీటర్ వచ్చింది. 180 పెడితే 188కి దిగుతోంది, 212 దాకా పోతోంది. నడిమి అంకె 200! ఓవెన్‌ని గోడ ప్లగ్‌కి మార్చాం, వైరు_మనిషి గారికి ప్రత్యేకంగా ధన్యవాదాలు. బోర్డు వైరు ఒకచోట మెత్తబడి ఉంది.

నాబ్ 140 దగ్గర పెట్టి, థర్మామీటర్‌లో నడిమి అంకె 160 అని నిర్ధారించుకుని, చిన్న అల్యూమినియం టిన్నులో వెన్న కేక్ పెట్టాను, రాక్ కింది మెట్టు మీద. గాజులోంచి చూస్తూ కూర్చున్నాను. ఈసారి మొదట అంచులు లేచాయి, తర్వాత నెమ్మదిగా మధ్య లేచింది, పైన మెరుపు తగ్గి లేత రంగు తిరిగింది. పుల్ల శుభ్రంగా వచ్చింది. ఒకటే తేడా, ఫ్యాన్ వైపు అంచు కొంచెం ముదురుగా ఉంది.

రొట్టెలపని

చాలా సంతోషం. ఆ అంచు గురించి: టైమ్‌లో మూడొంతులు కాగానే, మొదటిసారి పుల్ల గుచ్చేటప్పుడే, టిన్నుని ఒకసారి తిప్పి పెట్టండి, అప్పటికి కేక్ నిలదొక్కుకుని ఉంటుంది. బిస్కెట్లకైతే సగంలోనే తిప్పొచ్చు. రెండు ట్రేలు ఒకదానిమీద ఒకటి పెట్టాలని మాత్రం ఆశపడకండి. ఈ సైజులో పై ట్రే కింది ట్రేకి గాలి అందనివ్వదు. ఒకటి అయ్యాక ఒకటి పెట్టడమే మంచిది, బిస్కెట్లకి ఎలాగూ పది పన్నెండు నిమిషాలే పడుతుంది.

బ్రెడ్ చేసేటప్పుడు మొదటి పావుగంట ఫ్యాన్ వద్దు. పిండి నుంచి వచ్చే ఆవిరి చుట్టూ నిలిస్తేనే పైపొర మెత్తగా ఉండి బ్రెడ్ బాగా లేస్తుంది, ఫ్యాన్ ఆ ఆవిరిని తరిమేస్తుంది. మూత ఉన్న ఇనుప గిన్నె మీ ఓవెన్‌లో పట్టేలా ఉంటే అన్నిటికన్నా సులువు: మొదట మూతతో, రంగు కోసం చివర్లో మూత తీసి. గుచ్చి చూసే రకం థర్మామీటర్‌ని బ్రెడ్ మధ్యలో గుచ్చితే 93 నుంచి 96 డిగ్రీలు చూపించాలి. చికెన్ అయితే మందంగా ఉన్న చోట 74 చేరాలి, పైన రంగు చూసి మోసపోవద్దు.

అల్లంముక్క

కూరగాయల విషయంలో ఒక్క మాట. ఫ్యాన్ గొప్పతనం అంతా అక్కడే ఉంది, కాబట్టి ట్రేలో కుక్కకండి. ముక్కకీ ముక్కకీ మధ్య ఖాళీ కనపడాలి. నీరు ఆరితేనే ముక్క పైభాగం 100 డిగ్రీలు దాటుతుంది, 140 దాటాకే గోధుమరంగు, ఆ వాసన మొదలవుతాయి. ఇరుకుగా వేస్తే ముక్కలు ఒకదాని ఆవిరిలో ఇంకొకటి ఉడికి మెత్తబడతాయి తప్ప వేగవు. ఎత్తు అంచుల ట్రే కన్నా పొట్టి అంచుల ట్రే మేలు.

పిచ్చుకగూడు

శుభ్రం చేయడం గురించి ఎవరూ రాయలేదు. పొడి రాలే ట్రేని వాడిన ప్రతిసారీ దులపండి, అక్కడ పేరుకున్న నూనె, తునకలే నిప్పంటుకునేవి. ఒకవేళ లోపల మంట కనిపిస్తే తలుపు తీయకండి, స్విచ్ ఆపండి, ప్లగ్ తీయగలిగితే తీయండి, గాలి అందక అదే ఆరుతుంది. నీళ్లు చల్లకూడదు. గోడల మీద జిడ్డుకి వంటసోడా నీళ్లతో ముద్దలా కలిపి రాసి, గంట ఆగి తడిగుడ్డతో తుడిస్తే చాలు. రాడ్ల మీద ఏమీ రాయకండి. వేడిగా ఉన్న గాజు తలుపుకి తడిగుడ్డ తగిలిస్తే పగిలిపోవచ్చు, పూర్తిగా చల్లారాకే ముట్టుకోండి.

తోటమాలి

మీ అందరి మాటలు చదివాక ఎయిర్ ఫ్రైయర్ ఆలోచన మానుకున్నాను. మా అక్కయ్య వాళ్ల ఓవెన్ ఆపేశాక కూడా ఫ్యాన్ తిరుగుతూనే ఉంటుంది. అది లోపమా?

వైరు_మనిషి

లోపం కాదండీ. కొన్ని మోడళ్లలో వంట అయ్యాక లోపలి సర్క్యూట్లు చల్లబడటానికి ఫ్యాన్ కాసేపు తిరుగుతుంది. అది దానంతటదే ఆగేదాకా ప్లగ్ తీయొద్దని అక్కయ్యగారికి చెప్పండి. ఫ్యాన్ తిరిగేటప్పుడు కీచుమని గానీ, రేకు గీరుకున్నట్టు గానీ శబ్దం వస్తే మాత్రం వాడటం ఆపి సర్వీసువాళ్లకు చూపించాలి. మోటారు బేరింగ్ అరిగినా, రెక్క వంగినా ఆ శబ్దం వస్తుంది, రెండూ బాగుచేయగలిగినవే.